నా చీర కూడా ఆ మిషిన్‌లోనే

నాకు రాయడం కొత్త. ఐదో తరగతి ఎలాగో గట్టెక్కి బడి మానేసినదాన్ని. సంతకం తప్ప ఇంకేమీ రాసి ఎరగను. అయినా రాస్తున్నాను. ఈ సంగతి నేను చెప్పకపోతే మా చుట్టాలు వాళ్ళకు తోచినట్టు చెప్పుకుంటారు, చెప్పుకుంటూనే ఉన్నారు కూడా. కోడలు మిషిన్ పిచ్చిలో పడి అత్త మాట కాలదన్నింది అని. కాలదన్నాను. ఎందుకు కాలదన్నానో చెబుతాను, విన్నాక ఏమైనా అనుకోండి.

మాది నేత పని ఇల్లు. నల్గొండ నుంచి నందికొండకు, అదే సాగర్ డ్యాంకు పోయే తోవలో ఉంటుంది మా ఊరు. ముందు గదిలో మామ మగ్గం, వెనక వాకిట్లో బావి, బావి పక్కన బట్టలుతికే బండ. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనని మా ఆయన చిన్నప్పుడే మొండికేశాడట. డ్యాం కాలనీలో వర్క్‌షాప్‌కు హెల్పర్‌గా చేరి రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. అత్త, మామ, ఆయన, నేను. పిల్లలు అప్పటికింకా పుట్టలేదు.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం మా బావి అడుగంటింది. దుప్పట్లు మూట కట్టుకుని కాలువకు పోయాను. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారి, కుడి చెయ్యి కింద వేసుకుని పడ్డాను. ఎముకలు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గాని సరిగ్గా అతుక్కోలేదు. అన్నం కలుపుకోగలను, చీపురు పట్టగలను, నూలు కండెలు చుట్టగలను. తడి బట్ట మెలిపెట్టి పిండితే మాత్రం మణికట్టు లోపల కత్తి దిగినట్టు ఉండేది.

మా ఇంట్లో బట్టలంటే నైలాన్ బట్టలు కావు. మామ నేసిన దుప్పట్లు, ముతక నూలు చీరలు. నీళ్ళు తాగితే ఒక్కొక్కటి పసిపిల్లంత బరువు. పిండకుండా వేస్తే దండెం తాడు నేలకు తాకేది. పొద్దు గూకినా ఆరక ముక్క వాసన కొట్టేవి. ఆ వాసన వచ్చిందంటే అత్త మొదలుపెట్టేది.

"మా అవ్వ ముసల్ది అయినంక గూడ దుప్పటి పిండింది. నీకు ఒక్క చెయ్యి సురుక్కుమంటే సంసారం కూలినట్టు చేస్తున్నవ్."

"నొస్తుంది అత్తమ్మా."

"నొయ్యనిదెవ్వరికి? నొప్పి ఉన్నదని బట్టలు వాటికవే పిండుకుంటయా?"

ఆ మాట అన్న ఏడాది లోపలే బట్టలు పిండేది ఒకటి మా వాకిట్లోకి వచ్చింది.

కాలనీలో పాత సామాను వేలం వేశారు. డ్యాం కట్టే రోజుల్లో పెద్ద ఇంజనీర్లు ఉన్న బంగళాల్లోంచి తీసి గోదాంలో పడేసిన సామాను. కుర్చీలు, ఫ్యాన్లు, బీరువాలు పోయాక మూలన ఒకటి మిగిలింది. అదేమిటో తెలియక ఎవరూ అడగలేదు. మా ఆయన దాన్ని సిమెంటు బస్తాలు తెచ్చే ట్రాక్టర్ మీద వేయించుకుని వచ్చాడు. గుండ్రటి తెల్ల తొట్టి, నాలుగు కాళ్ళు, కాళ్ళకు తుప్పు పట్టి తిరగని చిన్న చక్రాలు. తొట్టి మధ్యలో రెక్కలున్న ఒక ఇరుసు. పైన ఒక పక్కన చెయ్యి చాపినట్టు ఇనుప చట్రం, అందులో ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు రోకళ్ళు. రబ్బరు పగిలి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. తొట్టి కింద మోటారు, దాని నిండా ఎలుకలు పెట్టిన గూడు.

అత్త చుట్టూ తిరిగి చూసింది.

"ఏందిరా గిది? నీళ్ళ గోలానికి కాళ్ళొచ్చినయి."

"బట్టలుతికే మిషిన్ అమ్మా. ఇంజనీర్ల బంగళాలది."

"వాళ్ళ ఆడోళ్ళకు చేతులు లేకుండెనా?"

"ఉండె. నీ కోడలికే ఒకటి తక్కువున్నది."

ఇనుము ఎట్లాగూ పనికొస్తుందిలే అని అత్త లోపలికి పోయింది.

ఆయన తెచ్చాడే గాని బాగుచేసే తీరిక ఆయనకు ఎక్కడిది? పొద్దున పోతే పొద్దుగూకి వచ్చే మనిషి. మిషిన్ నా పని అయింది. కండెలు చుట్టడం ముగించి మధ్యాహ్నం దాని దగ్గర కూర్చునేదాన్ని. ముందు తుప్పు. చింతపండు పులుసు పూసి, నానాక ఇటుక పొడితో తోమాను. ఇత్తడి చెంబు తోమినట్టే, కాకపోతే చెంబు కన్నా మొండిది. తొట్టి లోపల తెల్ల పూత పెచ్చులూడిన చోట డ్యాం గేట్లకు పూసే నల్ల రంగు డబ్బా అడుగున మిగిలింది దొరికితే పూశాను. తెల్ల తొట్టిలో నల్ల మచ్చలు. మా వీధిలో దాన్ని చుక్కల మేక అనేవాళ్ళు.

మోటారును సంచిలో వేసుకుని మిర్యాలగూడ పోయాను. అక్కడ బోరు మోటార్లకు వైండింగ్ చేసే భాయ్ ఒకాయన ఉండేవాడు. కొట్టు నిండా కాలిపోయిన మోటార్లు, వాటి పక్కనే నేల మీద కూర్చున్న రైతులు. నా మోటారును చేతిలో తిప్పి చూసి నవ్వాడు.

"చెల్లె, గింత మోటారుతోటి ఎన్నెకరాలు పారిస్తరు?"

"ఎకరాలు గాదన్నా. నాలుగు దుప్పట్లు."

"దుప్పట్లా? పంట ఎప్పుడొస్తది మరి?"

కూర్చున్న రైతులంతా నవ్వారు. నేనూ నవ్వాను. బట్టలుతికే మిషిన్‌ది అని చెప్పాక భాయ్ కొంచెం శ్రద్ధగా చూశాడు.

"మోటారు గట్టిదే. తీగె కాలింది, గంతే. జర ఓపిక పట్టు. గీ ఎండాకాలం పోనీ, ఇప్పుడైతే వీళ్ళు నన్ను తిననిస్తలేరు."

ఆయన దగ్గర ఇంకో మాట కూడా అడిగి వచ్చాను. తొట్టిలో నీళ్ళు పోస్తే మధ్య ఇరుసు దగ్గర నుంచి కారిపోతున్నాయి, ఏం చెయ్యాలి అని. పంపుకు ఇరుసు చుట్టూ గ్రీజు తాడు కుక్కుతారు, అట్లాగే చెయ్యమన్నాడు. తాడు కొనాల్సిన పని లేదు నాకు. తెగిన నూలు మా ఇంట్లో బుట్టలకొద్దీ ఉంటుంది. దాన్ని జడలా అల్లి, గ్రీజులో నానేసి, ఇరుసు చుట్టూ కుక్కి బిగించాను. నీళ్ళు పోస్తే చెమట పట్టినట్టు ఒక చుక్క వచ్చి ఆగిపోయింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పెళ్ళి రోజు కూడా కలగలేదు. రాయకూడదేమో గాని నిజం అదే.

మిగిలింది బట్టలు పిండే రోకళ్ళు. వాటిని తిప్పే పళ్ళ చక్రాలు అరిగిపోయాయి. అప్పటి దాకా మగ్గం మీద నుంచే చూస్తూ ఉన్న మామ అప్పుడు లేచి వచ్చాడు.

"గిది నాకిడిసిపెట్టుండ్రి. కర్రల పని నాది."

వడ్రంగితో తుమ్మ కర్రలు రెండు నున్నగా చెక్కించాడు. వాటికి సైకిల్ ట్యూబు కోసి తొడిగాడు. రెండు కర్రల చివరలకు రెండు సైకిల్ పళ్ళ చక్రాలు బిగించి, రెంటినీ కలుపుతూ ఒకే చైన్ వేసి, చేత్తో తిప్పే పిడి పెట్టాడు. చూస్తే ముచ్చటగా ఉంది. మగ్గం మీద వెనక కర్రకు చుట్టిన పడుగు విప్పుకుంటూ వచ్చి ముందు కర్రకు బట్టగా చుట్టుకుంటుంది. రెండు కర్రలూ ఒకే వైపు తిరుగుతాయి. ఆయన పుట్టిన దగ్గర నుంచి ఆ రెండు కర్రల మధ్యే బతికాడు. నేనూ మగ్గం గుంట పక్కనే పెరిగిన పిల్లనే. ఒకే చైన్, ఒకే వైపు తిరుగుడు, మా ఇద్దరికీ అందులో తప్పేమీ కనబడలేదు.

మామ తన చేత్తో నేసిన కొత్త దుప్పటి తెచ్చి తడిపించాడు. వీధిలో ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. పురుడు బట్టలు, చావు మైల బట్టలు తీసుకుపోయి కాలువలో ఉతికి తెచ్చే పెద్దమ్మ కూడా గంప దించి నిలబడింది. నేను దుప్పటి అంచును కర్రల మధ్య పెట్టాను. మామ పిడి తిప్పాడు. పై కర్ర బట్టను అటు లాగుతోంది, కింది కర్ర ఇటు నెడుతోంది. దుప్పటి ఉండలా చుట్టుకుని ఇరుక్కుంది. ఏదో ముడి పడిందనుకుని మామ ఇంకా బలంగా తిప్పాడు. చర్రున నడిమికి చినిగింది.

పెద్దమ్మే మొదలుపెట్టింది.

"అన్నా, నేసినంత సేపు పట్టలే సింపుడు."

"నోరు మూసుకోవే. మిషిన్ నీ పొట్ట మీద కొడ్తదని భయముండె, ఇప్పుడు నీకు సంబురం."

"నా పొట్టకేం గాలే. నీ దుప్పటి పొట్టే సినిగింది."

మామ ఆ పూట అన్నం తినలేదు. చినిగిన దుప్పటిని అత్త మాత్రం మడిచి, నాకు కనబడే చోట పెట్టింది.

మోటారు తీసుకురావడానికి మళ్ళీ మిర్యాలగూడ పోయాను. బస్సు కోసం చూస్తూ చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డాను. చెరుకు గడ రెండు ఇనుప రోకళ్ళ మధ్యలోంచి పోయి పిప్పి అయి బయటికి వస్తోంది. ఎన్నిసార్లు తాగాను ఆ రసం, ఎప్పుడూ ఆ రోకళ్ళ వంక చూసింది లేదు. ఒకటి అటు తిరుగుతోంది, ఒకటి ఇటు తిరుగుతోంది. గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. బండాయన, "ఏందమ్మా, ఈగ పడ్డదా?" అని అడిగాడు.

ఇంటికి వచ్చి మామకు చెప్పాను. ఆయన అత్త వైపు తిరిగి అన్నాడు.

"సూసినవా. చెరుకు పిండేటోని దగ్గర నన్ను పని నేర్సుకొమ్మంటున్నది నీ కోడలు."

అట్లా అన్నవాడే మర్నాడు నేను లేచేసరికి చైన్ విప్పి కూర్చున్నాడు. పిడిని కింది కర్రకే ఉంచాడు. పై కర్రను స్ప్రింగులతో దాని మీద అదిమి పెట్టాడు. కింది కర్ర తిరిగితే, దాని ఒరిపిడికి పై కర్ర ఎదురు వైపు తానే తిరుగుతుంది. ఈసారి పాత తువ్వాలతో చూశాం. తువ్వాల అటు వైపు నుంచి పలకలా వచ్చింది. నీళ్ళు ఇటు తొట్టిలోకే కారాయి. ఎడమ చేత్తో పిడి తిప్పాను. కుడి చేత్తో బట్ట అందించాను. మణికట్టు ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు.

కరెంటు ఉన్నప్పుడు మోటారు వేసేదాన్ని. పిండి గిర్నీలో పారేసిన బెల్టు కోసి కుట్టి వేశాం, అది తిరుగుతుంటే ఎద్దు నెమరేసినట్టు చప్పుడు. ఇంట్లో బల్బు సగం వెలుగే ఇచ్చేది. సబ్బు బిళ్ళ తురిమి వేడినీళ్ళలో కరిగించి పోసేదాన్ని. చొక్కా గుండీలు లోపలికి మడిచి కర్రల్లో పెట్టాలి, లేకపోతే పటపటా పగులుతాయి. జాకెట్ హుక్కులు ట్యూబును చీరుతాయి. ఇట్లాంటివన్నీ ఒక్కొక్కటి పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. దుప్పట్లు మధ్యాహ్నానికే ఆరిపోయేవి. ముక్క వాసన పోయింది.

అంతా బాగుంది అనుకుంటున్నప్పుడే అత్త ఒకరోజు తొట్టిలోకి తొంగి చూసింది. నురుగులో మామ పూజకు కట్టే ధోవతి, దాని వెంట నా లంగా, చీర.

"బంద్ పెట్టు."

"ఏమైందత్తమ్మా?"

"ఏమైందా? పూజ ధోవతి, నీ లంగా ఒక్క నీళ్ళల్ల తిరుగుతున్నయి. సిగ్గనిపిస్తలేదా?"

"తిరుగుతలేవు అత్తమ్మా, ఉతుకుతున్నయి."

"నాకు మాటలు నేర్పకు. ఆడోళ్ళ బట్టలు బండ మీదనే ఉతకాలె. మొగోళ్ళయి, దుప్పట్లు దీంట్ల ఎయ్యి. గంతే."

"మీ చీరలు గూడ ఎయ్యొద్దా?"

"నాయి గూడ ఎయ్యొద్దు. నేను ఆడదాన్నని నాకు తెల్వదా?"

మా ఇళ్ళల్లో ఈ పట్టింపు ఉన్నదే. ఆడవాళ్ళ బట్టలు వేరే నానబెట్టాలి, వేరే దండెం మీద, గోడ వెనక, ఎవరి కంటా పడకుండా ఆరేయాలి. పుట్టింట్లోనూ అట్లాగే చేశాను, ఎన్నడూ ఎదురు అడగలేదు. ఇప్పుడు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. తుప్పు తోమింది నేను. తాడు అల్లింది నేను. మోటారు మోసుకుని బస్సులెక్కి తిరిగింది నేను. ఆయన చొక్కాలు అందులో హాయిగా తిరుగుతుంటే, నేను ఈ చేత్తో నా ముతక చీరను బండ దగ్గర పిండుకోవాలి. చెయ్యి విరిగింది నాది, మిషిన్ మొగవాళ్ళ బట్టలది.

ఒకటి రెండు సార్లు అట్లాగే చేశాను. చీర పిండుతూ పంటి కింద కొంగు పెట్టుకునేదాన్ని, అరవకుండా. ఆయన అన్నం తింటున్నప్పుడు అడిగాను.

"మిషిన్ ఎవరికోసం తెచ్చినవ్?"

"నీకోసమే."

"మరి నా చీర ఎందుకెయ్యొద్దు?"

"అమ్మ మాట జర ఇనరాదు. కొద్ది దినాలు పోతే ఆమెనే మరుస్తది."

"ఆమె మరుస్తది. నా చెయ్యి మరువది."

ఆయన తల వంచుకుని తిని లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నోరు తెరవకపోవడమే మంచితనం అనుకునేవాడు, అంతే.

బట్టలుతికే పెద్దమ్మకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో, వీధిలో బట్టలు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుంది.

"మా బానల ఏసి ఉడకబెట్టేటప్పుడు ఊరు బట్టలన్ని ఒక్కటే బిడ్డా. మైలప్పుడు మీ మామ ధోవతి ఎవరి చీర పక్కన ఉడికిందో మీ అత్త ఎన్నడు అడగలే. మా కాడ కలిస్తే ఏం గాదు. మీ ఇంట్ల కలిస్తే అంటు అట."

"నువ్వు చెప్పు పెద్దమ్మా ఆమెకు."

"నేనెందుకు చెప్త? నీ మిషిన్ మూలకు పడితే నాకే మంచిది."

నవ్వుతూ లేచి పోయింది. ఆమె నాకు తోడు రాలేదు, రావలసిన పనీ లేదు. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది.

దొంగతనంగా వేయొచ్చు. అత్త గుడికి పోయినప్పుడు వేసి, ఆమె వచ్చేసరికి తీసి ఆరేస్తే ఎవరికి తెలుస్తుంది? మా వీధిలో ఆడవాళ్ళు చాలామంది అట్లాగే బతికేవాళ్ళు, చాటున తినడం, చాటున నవ్వడం. నాకు అది వద్దనిపించింది. తరవాతి సారి బట్టలు నానేసే రోజు అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆమె ముందే మామ ధోవతి వేశాను, ఆయన చొక్కాలు వేశాను, నా చీర వేశాను. స్విచ్చి నొక్కాను.

అత్త చాట పక్కన పెట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇయ్యాల్టి సంది నా బట్టలు, నీ మామ బట్టలు నేనే ఉతుకుత. నువ్వు, నీ మొగడు, నీ గోలెం ఒక దిక్కు."

అన్నట్టే చేసింది. నడుము నొప్పితో వంగి లేవలేని మనిషి బండ దగ్గర దబదబా బాదేది. నేను ఇంకో పక్క మోటారు వేసేదాన్ని. పక్కిళ్ళవాళ్ళు గోడ మీద నుంచి చూసేవాళ్ళు. ముసలామెతో బట్టలు ఉతికిస్తోందని నా మీద మాటలు వచ్చాయి. వచ్చి తీసుకుంటానంటే ఇవ్వదు, ఇవ్వకపోతే మాట నాకు. అయినా తగ్గలేదు నేను. ఒక్క మాట అంటే సరిపోయేది, ఇక నుంచి నా చీర వేయనత్తమ్మా అని. ఆ ఒక్క మాట నోటికి రాలేదు.

ఆ తరవాత అత్త మిషిన్‌నే ఇంట్లోంచి పంపేయాలని చూసింది. దానికి ఆమె ఎంచుకున్న రోజు మంచి రోజు. నేను బయట కూర్చున్న రోజు.

ఆ మూడు రోజులు మా ఇంట్లో ఆడది వెనక వసారాలో ఒక మూల ఉండాలి. వేరే చాప, వేరే కంచం. ఇంట్లో వస్తువు ఏదీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అది ఇంకెవరూ ముట్టుకోకూడదు, పసుపు నీళ్ళు చల్లి, నాలుగో రోజు ఆమె తలస్నానం చేసే దాకా. ఆయన డ్యూటీకి పోయాడు. నేను చాప మీద కూర్చుని ఉన్నాను. పాత ఇనుము కొనే ఆయన తోపుడు బండి వీధిలో నిలబెట్టి వెనక వాకిట్లోకి వచ్చాడు. అత్త మిషిన్ చూపించింది.

నాకు అర్థమైంది. లేవకూడదు, ముట్టుకోకూడదు, అడ్డం పడకూడదు. అత్తకూ అది తెలుసు. నా వైపు చూడకుండానే మాట్లాడుతోంది.

ఇనుము కొనే ఆయన మిషిన్‌ను ఒక పక్క పట్టి లేపబోయాడు. లేవలేదు.

"అవ్వా, ఒక్కనితోటి గాదు. ఆ పక్క జర పట్టు. బండి దాక పోతే సాలు."

అత్త కొంగు నడుముకు దోపుకుని వంగింది.

"అత్తమ్మా, ఆగుండ్రి," అన్నాను.

లేచి నడిచాను. అయిదారు అంగల దూరం. తొట్టి అంచు మీద అరచెయ్యి పెట్టాను. ఆ కుడి చెయ్యే పెట్టాను.

"ముట్టుకున్న. ఇగ పట్టుండ్రి."

అత్త వేడి పెనం తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వు మనిషివేనా?"

"మనిషినే. గందుకే ముట్టుకున్న."

ఇనుము కొనే ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకైతే పట్టింపు లేదవ్వా. గని ఒక్కన్ని ఎట్ల లేపుత?"

అత్త ముందు గది వైపు తిరిగి పిలిచింది. "ఓ, ఇటు రారాదు. జర ఒక పక్క పట్టు."

మగ్గం ఆగింది. మామ తలుపు దాకా వచ్చాడు. తొట్టి మీద నా చెయ్యి చూశాడు.

"ముట్టుకున్నదా?"

"ముట్టుకున్నది నీ కోడలు. సిగ్గు శరం లేకుంట."

"మరి నేనెట్ల పట్టుకుంట? పొద్దుగాల పూజ చేసుకున్న."

అంతే అన్నాడు. తిరిగి పోయి గుంటలో కాళ్ళు పెట్టాడు. మగ్గం చప్పుడు మళ్ళీ మొదలైంది. అత్త అక్కడే నిలబడింది. ఇనుము కొనే ఆయన పోతానన్నాడు, పొమ్మంది. అత్త పసుపు నీళ్ళు తెచ్చి తొట్టి మీద, నేల మీద, నేను నడిచిన దారంతా చల్లింది. నేను పోయి నా చాప మీద కూర్చున్నాను.

సాయంత్రం ఆయన వచ్చాక అత్త అంతా చెప్పింది, నా ముందే. దీన్ని పుట్టింటికి పంపు అంది. ఆయన చెప్పులు విప్పి, బావి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చాడు.

"పంపుత. మరి మిషిన్ గూడ దానితోటే పంపాలె. ఇంకెవరు నడుపుతరు?"

అమ్మ చెప్పిన పనిని ఆయన కాదనగా వినడం నాకు అదే మొదలు.

నాలుగో రోజు తలస్నానం చేశాను. ఆ మూడు రోజుల చీరలు విడిగా బండ మీద బాది, గోడ వెనక ఆరేయాలి. నేను వాటిని ముందు చన్నీళ్ళలో జాడించి, తొట్టిలోనే వేశాను. వాటి మీద ఆయన ప్యాంట్లు, దిండు గలేబులు. అత్త బండ దగ్గర తన చీర నానేసుకుంటోంది. అప్పుడే మామ వచ్చాడు, భుజం మీద ధోవతి.

"దీన్ని గూడ ఎయ్యి."

"పూజ ధోవతా మామా?"

"నాకు పది ధోవతులున్నయా?"

"దేవుడు సూస్తున్నడు," అంది అత్త, తల ఎత్తకుండానే.

"సూడనీ. ఆయన ధోవతి గూడ ఆడదే ఉతుకుతుంటది."

అత్త తన బట్టలు మాత్రం ఇవ్వలేదు. ఆ రోజూ ఇవ్వలేదు, ఆ తరవాత ఎప్పుడూ ఇవ్వలేదు. చేతనైనంత కాలం బండ మీదే ఉతుక్కుంది. చేతకానప్పుడు పెద్దమ్మ గంపలో వేసింది. ఇవ్వమని నేను బతిమాలలేదు. ఆమె పట్టు ఆమెది, నా చీర నాది.

మోటారు ఆపి, కర్రలు బిగించాను. ముందు నా చీర అంచు అందించి పిడి తిప్పాను. దాని వెనకే మామ ధోవతి పోయింది. రెండూ ఒకదాని మీద ఒకటి పలకల్లా వచ్చి గంపలో పడ్డాయి. గోడ వెనక దండెం దగ్గరికి పోలేదు నేను. గంప ఎత్తుకుని ఇంటి ముందుకు వచ్చాను. వీధి వైపు ఉన్న తాడు మీద రెంటినీ పక్కపక్కనే ఆరేశాను.